గుజ్జు కాగితం మీద మన బొమ్మ

పల్ప్ అంటే గుజ్జు. కర్రను నలిపి, ఉడికించి, పీచు విడదీస్తే మిగిలేది. దాన్ని పలచగా పరిచి ఆరబెడితే కాగితం అవుతుంది. 1896లో అమెరికాలో ఫ్రాంక్ మన్సీ అనే పత్రికాధిపతి తన 'ఆర్గోసీ' పత్రికను మొత్తం కథలతో నింపాడు. బాగా చౌకరకం గుజ్జు కాగితం మీద అచ్చేసి పది సెంట్లకు అమ్మాడు. ఆ తర్వాత అలాంటి పత్రికలు వందల సంఖ్యలో వచ్చాయి. వాటికి కాగితం పేరే నిలిచిపోయింది. పల్ప్ పత్రికలు, పల్ప్ కథలు. నిధుల వేటలు, మాంత్రికులు, పాడుబడ్డ గుళ్లు, దారి తెలియని అడవులు, ఆ అడవుల్లో ఈటెలు పట్టుకుని తిరిగే మనుషులు.

ఆ ఈటెలు పట్టుకున్న మనుషుల తరఫున ఈ వ్యాసం రాస్తున్నాను.

మాది భద్రాచలం ఏజెన్సీ. కోయవాళ్లం. మా అయ్య ఏటా వానలు వెనకపట్టాక వెదురు కూపులకు పోయేవాడు. నరికిన వెదురును కొలతకు ముక్కలు చేసి, కట్టలు కట్టి, లారీ వచ్చే దారిదాకా మోసుకొచ్చేవాళ్లు. ఆ లారీలు కాగితం మిల్లుకు పోయేవి. మన రెండు రాష్ట్రాల్లో పెద్ద కాగితం మిల్లులు ఎక్కడున్నాయో చూడండి. కాగజ్‌నగర్, రాజమండ్రి, భద్రాచలానికి గోదావరి అవతలి ఒడ్డున సారపాక. అడవి అంచున, లేదంటే అడవి సరుకు దిగే నది పక్కన. ఈ దేశంలో చాలా ఏళ్లు కాగితం అంటే ముందు వెదురే. గోండులు, కోయలు, కొండరెడ్లు నరికిన వెదురు గుజ్జయింది. గుజ్జు కాగితమయింది. కాగితం బడిపుస్తకమయింది, పేపరయింది, కథల పుస్తకమయింది. అలా పోయిన వెదురు తిరిగి మా దగ్గరికి వచ్చినప్పుడు దాని మీద మా బొమ్మ ఉంది. ఆ బొమ్మను గీసింది మేము కాదు.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, పాత సాహసకథలకు మళ్లీ మంచిరోజులొచ్చాయి. పెద్ద ప్రచురణ సంస్థలు పట్టించుకోని కథలను చిన్న సంస్థలు వెతికి పట్టుకుని అచ్చు వేస్తున్నాయి. చెన్నైలో బ్లాఫ్ట్ అనే చిన్న సంస్థ ఉంది. 2008లో వాళ్లు తమిళ పల్ప్ కథల సంకలనం ఒకటి ఇంగ్లీషులో తెచ్చారు. ప్రీతమ్ చక్రవర్తి అనువాదం చేశారు. టీ కొట్ల దగ్గర, బస్టాండుల్లో వేలాడదీసి అమ్మే నవలల రచయితలు రాజేశ్‌కుమార్, సుభ, ఇంద్రా సౌందరరాజన్ ఒక్కసారిగా దేశమంతటికీ తెలిశారు. 2011లో అదే సంస్థ ఇబ్నె సఫీ ఉర్దూ డిటెక్టివ్ నవలలు నాలుగింటిని తెచ్చింది. వాటిని అనువదించింది ఉర్దూ సాహిత్యంలో పెద్ద విమర్శకుడు షంసుర్ రహమాన్ ఫారూఖీ. చౌకబారు అని పక్కన పెట్టిన పుస్తకాలకు అంత పెద్దాయన కలం పట్టాడు. మన తెలుగులోనూ దాసరి సుబ్రహ్మణ్యం గారి చందమామ సీరియళ్లు మళ్లీ పుస్తకాలుగా చేతికొస్తున్నాయి. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌నూ, మధుబాబు షాడోనూ వెతుక్కునే పాఠకులు ఇంకా ఉన్నారు.

నాకు సంతోషమే. ఆ కథలు నన్ను పెంచాయి. కాకపోతే ఆ సంతోషంలో ఒక ముల్లు ఉంది. దాన్ని దాచకుండా చెప్పాలి.

నేను చదివింది ఆశ్రమ పాఠశాలలో. అక్కడ తెలుగు సారు దగ్గర పాత చందమామలు బైండు చేసిన సంపుటాలు ఉండేవి. అట్టలు ఊడిపోయి, అంచులు ముదురు గోధుమరంగుకు తిరిగి, పేజీ తిప్పితే పొడి రాలేవి. సాయంత్రం అన్నం తిన్నాక, చదువు గంట మొదలయ్యేలోపు, ఒక సంపుటం నా చేతికిచ్చేవాడు. చిన్న తరగతుల పిల్లలు చుట్టూ కూర్చునేవాళ్లు. వాళ్లకు తెలుగు ఇంకా సరిగా పట్టుబడలేదు. అందుకని నేను ఒక పేరా తెలుగులో చదివి, దాన్నే కోయలో చెప్పేవాణ్ని.

'తోకచుక్క' 1954లో మొదలైన సీరియల్. ఆ తర్వాత 'మకరదేవత', 'ముగ్గురు మాంత్రికులు', 'కంచుకోట', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం', 'మాయాసరోవరం'. ఆ పేర్లు చాలు, ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చిత్రా గీసిన బొమ్మలు వేరే లోకం. కథ రాసిందెవరో మాత్రం పుస్తకంలో ఉండేది కాదు. దాసరి సుబ్రహ్మణ్యం 1952లో చందమామలో చేరి యాభై ఏళ్లకు పైగా పనిచేశారు. లక్షలమంది పిల్లలు ఆయన కథల కోసం నెలనెలా ఎదురుచూశారు. వాళ్లలో చాలామందికి ఆయన పేరు తెలియదు. 2010లో ఆయన పోయాక, అభిమానులు పూనుకుని రాస్తే గానీ చాలామందికి ఆ పేరు చేరలేదు.

ఇక ముల్లు సంగతి. సాహసకథల్లో ఒక ఘట్టం మళ్లీ మళ్లీ వస్తుంది. వీరులు అడవిలో దారి తప్పుతారు. పొదల చాటు నుంచి ఆటవికులు ఈటెలతో లేచి చుట్టుముడతారు. కట్టేసి తమ నాయకుడి దగ్గరికి లాక్కుపోతారు. బలి మాట వస్తుంది. వీరుడు ఒక ఉపాయం పన్ని బయటపడతాడు. ఆటవికులు హాహాకారాలు చేస్తూ పారిపోతారు, లేదంటే కాళ్ల మీద పడతారు.

మొదటిసారి అలాంటి ఘట్టం చదివిన రాత్రి నాకు కోయ మాట దొరకలేదు. 'ఆటవికులు' అంటే మా భాషలో ఏమనాలి? పిల్లలు అడిగారు, "ఎవరు వాళ్లు అన్నా?" అని. అడవిలో ఉంటారు, విల్లు పట్టుకుంటారు, డోలు కొడతారు, కొండను మొక్కుతారు అని చెప్పాను. "అయితే మనోళ్లేగా! కోయతోర్!" అన్నాడు ఒకడు. కోయతోర్ అంటే మేం మమ్మల్ని పిలుచుకునే పేరు. అప్పటినుంచి కథ తలకిందులైంది. వీరులు కట్లు తెంచుకుని పారిపోతుంటే పిల్లలకు కోపం వచ్చింది. మనోళ్లు ఇంతమంది ఉండి ఇద్దర్ని పట్టుకోలేరా అని. అడవిలోకి చెప్పాపెట్టకుండా వచ్చిన వాళ్లను ఎక్కణ్నుంచి వచ్చారని అడగడంలో తప్పేముందని ఒక పిల్ల అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మర్నాటినుంచి నేను ఆ ఘట్టాలను మా వాళ్ల వైపునుంచి చెప్పడం మొదలుపెట్టాను. పుస్తకంలో ఒక్క అక్షరం మారలేదు. చెప్పే నోరు మాత్రం మారింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. దాసరి గారి అడవి మొత్తం అలా ఉండదు. 'శిథిలాలయం'లో శిఖిముఖి కొండగూడెం కుర్రవాడు. విక్రమకేసరితో భుజం కలిపి నడిచే వీరుడు. ఆ సీరియల్ చదివిన రోజుల్లో మా వసారాలో పది మంది శిఖిముఖులుండేవాళ్లు. విక్రమకేసరి వేషం వేయడానికి ఎవరూ ముందుకొచ్చేవాళ్లు కాదు. ఒక్క పాత్ర దొరికితే పిల్లలు ఎలా అల్లుకుపోతారో అప్పుడు చూశాను. చందమామ చాలా భాషల్లో వచ్చింది, కొంతకాలం సంతాలీలోనూ వచ్చింది. ఒక ఆదివాసీ భాషకు ఆ చోటు దొరకడం చిన్న సంగతి కాదు.

ఈ ముల్లు తెలుగు కథల్లో పుట్టింది కాదు. దాని వేరు చాలా దూరంలో ఉంది. 1885లో ఇంగ్లండులో రైడర్ హాగర్డ్ 'కింగ్ సోలమన్స్ మైన్స్' రాశాడు. ముగ్గురు తెల్లవాళ్లు ఆఫ్రికాలో వజ్రాల కోసం పోతారు. అక్కడి జనం దగ్గర తమ గొప్ప చూపించుకోవడానికి గ్రహణాన్ని వాడుకుంటారు. పంచాంగంలో ముందే చూసుకుని, మేమే ఆర్పేస్తున్నాం అంటారు. జనం బెదిరిపోతారు. విచిత్రమేమిటంటే, మొదట అది సూర్యగ్రహణం. లెక్క కుదరలేదని తర్వాతి ముద్రణల్లో హాగర్డ్ చంద్రగ్రహణం చేశాడు. ఆకాశం సంగతి తప్పుగా తెలిసింది రాసినాయనకే! ఈ కథ మా అవ్వకు చెబితే నవ్వింది. "గ్రహణం పడితే రోకలి నిలబెడతాం, విడిచాక నీళ్లు పోసుకుంటాం. దానికి కాళ్లు పట్టుకోవడమెందుకురా?" అంది.

1912లో ఎడ్గర్ రైస్ బరోస్ టార్జాన్ కథను 'ఆల్ స్టోరీ' అనే పల్ప్ పత్రికలో రాశాడు. ఆయన ఆఫ్రికా గడ్డ ఎన్నడూ తొక్కలేదు. అడవిలో పెరిగిన తెల్లదొర బిడ్డ, ఆ అడవిలోనే తరతరాలుగా ఉన్న మనుషులకంటే బాగా అడవిని ఏలుతాడు. 1932లో రాబర్ట్ హోవర్డ్ 'వియర్డ్ టేల్స్'లో కోనన్ అనే యోధుణ్ని తెచ్చాడు. ఒళ్లు మరిచిపోయి చదివించే రచన. అందులోనూ నల్లజాతి మనుషులు ఎక్కువగా మూకగానో, బానిసలుగానో, నరభక్షకులుగానో వస్తారు. అడవి ఎక్కడైనా సరే, అక్కడి మనిషికి కథలో రాసిపెట్టిన పనులు కొన్నే. దారి చూపించాలి, బెదిరించాలి, చావాలి, మొక్కాలి.

రెండో ప్రపంచయుద్ధంలో కాగితం కరువొచ్చింది. తర్వాత చవక పుస్తకాలు, కామిక్కులు, టీవీ వచ్చాయి. 1950ల కల్లా పల్ప్ పత్రికలు దాదాపు పోయాయి. మిగిలిన ప్రతులు కూడా తమను తామే తినేశాయి. చౌక గుజ్జు కాగితంలో ఆమ్లం ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, పెళుసయి, చేతిలో విరిగిపోతుంది. మా తెలుగు సారు చందమామల నుంచి రాలిన పొడి కూడా ఆ జాతిదే. అందుకే ఈ కథలను బతికించడం అంటే ముందు కాగితంతో పోటీపడి పరుగెత్తడం. ఎవరి అటక మీదో ఉన్న సంచిక వెతకాలి. చిరిగిన పేజీకి ఇంకో ప్రతి దొరకాలి. స్కాన్ చేయాలి, అక్షరం అక్షరం చూసి టైపు చేయాలి, హక్కులు ఎవరివో కనుక్కోవాలి. ఇంతా చేసి కొన్ని వందల ప్రతులు వేయాలి. పెద్ద సంస్థకు ఈ లెక్క కుదరదు. ప్రేమ ఉన్నవాళ్లకే కుదురుతుంది.

లవ్‌క్రాఫ్ట్ అనే భయానక కథల రచయిత 1937లో పోయేనాటికి ఏ పెద్ద సంస్థా ఆయన పుస్తకం వేయలేదు. ఆగస్ట్ డెర్లెత్, డోనాల్డ్ వాండ్రే అనే ఇద్దరు మిత్రులు 1939లో ఆర్కమ్ హౌస్ అనే చిన్న సంస్థ పెట్టి, ఆయన కథలు 1,268 ప్రతులు వేశారు. అవి అమ్ముడుపోవడానికి ఏళ్లు పట్టింది. ఈరోజు లవ్‌క్రాఫ్ట్ పేరు తెలియని దేశం లేదు. ఇద్దరు మనుషుల పట్టుదల అంత పని చేసింది. అదే లవ్‌క్రాఫ్ట్ రచనల్లో, ఉత్తరాల్లో జాతి ద్వేషం కూడా నిండుగా ఉంది. వరల్డ్ ఫాంటసీ అవార్డు గెలిచినవాళ్లకు ఆయన తలబొమ్మనే ఇచ్చేవాళ్లు. 2011లో ఆ అవార్డు నైజీరియా మూలాలున్న రచయిత్రి న్నెడి ఒకోరఫోర్‌కు వచ్చింది. తన జాతిని అసహ్యించుకున్న మనిషి తల తన ఇంట్లో పెట్టుకోవాలా అని ఆమె బహిరంగంగా రాశారు. చర్చ నడిచింది. 2015లో ఆ తలబొమ్మను మానేశారు. పుస్తకాలను మాత్రం ఎవరూ తగలబెట్టలేదు. అవి షాపుల్లోనే ఉన్నాయి.

ఇక్కడే అసలు ప్రశ్న. పాత కథలను మళ్లీ వేసేటప్పుడు అందులో మనల్ని కించపరిచిన మాటలను ఏం చేయాలి? తీసేయాలా, ఉంచాలా?

మా రచయితల సమావేశాల్లో ఈ మాట వచ్చినప్పుడు రెండు గొంతులు వినిపిస్తాయి. తీసేయాలి, మన పిల్లలు మళ్లీ ఆ మాటలు చదివి తల దించుకోవాలా అనేది ఒకటి. ఆ బాధ నిజం. పట్నం హాస్టల్లో "ఓయ్ ఆటవికా" అని పిలిపించుకున్న పిల్లలు మా ఇళ్లలోనే ఉన్నారు. ఆ పిలుపు ఎక్కణ్నుంచి వచ్చిందంటే సినిమాల నుంచి, ఇలాంటి కథల నుంచి. రెండో గొంతు, అది పాత కాలం, కథను కథలా చూడాలి, ఎందుకు రాద్ధాంతం అంటుంది. ఈ మాట ఎక్కువగా ఆ పిలుపు ఎన్నడూ పడనివాళ్లు అంటారు.

నా అభిప్రాయం ఈ రెండూ కాదు. తీసేయకండి. ఉన్నది ఉన్నట్టు వేయండి. రాసినాయన పేరు, బొమ్మ వేసినాయన పేరు, మొదట ఏ ఏడాది ఏ పత్రికలో వచ్చిందో స్పష్టంగా వేయండి. ముందుమాట మాత్రం ఆ కథలో ఈటె పట్టుకున్నవాళ్ల మనవడితోనో మనవరాలితోనో రాయించండి.

ఎందుకు తీసేయొద్దంటే, అది సాక్ష్యం. మాకు పోడు భూమి పట్టా అడిగితే కాగితం చూపించమంటారు. తాత దున్నాడని నోటితో చెబితే చాలదు. ఈ దేశం మమ్మల్ని ఎలా చూసిందో రేపు ఎవరైనా అడిగితే మేం చూపించాల్సిన కాగితాలు ఇవే. పాత కథను కడిగి శుభ్రం చేసి వేస్తే, ఆ చూపు ఎన్నడూ లేనట్టే అవుతుంది. గాయం మా దగ్గర ఉంటుంది, గాయం చేసింది మాయమవుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. అందులో మా ఆనందం ఉంది. ఆ రాత్రులు మేం నవ్వింది, భయపడింది, మా వాళ్ల పక్షాన అరిచింది ఆ మాటల మీదే. వాటిని తీసేస్తే మేం ఎదురు చెప్పింది దేనికో కూడా తెలియదు.

ఎదురు చెప్పడం ఎలా ఉంటుందో చార్లెస్ సాండర్స్ చూపించాడు. నల్లజాతి అమెరికన్. 1946లో పుట్టాడు. వియత్నాం యుద్ధానికి పోనని 1969లో కెనడా వెళ్లిపోయాడు. హోవర్డ్ కథలంటే ప్రాణం. ఆ కథల్లో తనలాంటి మనిషి కనిపించే తీరు చూసి కడుపు మండింది. అప్పుడు ఒక నల్ల వీరుణ్ని సృష్టించాడు, ఇమారో. ఆ కథలు జరిగే నేలకు న్యుంబాని అని పేరు పెట్టాడు. స్వాహిలీలో ఇంటి దగ్గర అని అర్థం. ఆఫ్రికా నేల, ఆఫ్రికా దేవతలు, ఆఫ్రికా పశువుల మందలు. మొదటి పుస్తకం 1981లో వచ్చింది. అట్ట మీద ప్రచురణకర్తలు 'నల్ల టార్జాన్' అని వేశారు. బరోస్ వారసులు అభ్యంతరం పెట్టారు, అట్ట మార్చేసరికి పుస్తకం ఆలస్యమైంది. ఎవరికి ఎదురు చెప్పడానికి రాశాడో వాడి పేరే నెత్తిన పెట్టారన్నమాట. మూడు పుస్తకాల తర్వాత ఆపేశారు. ఇరవై ఏళ్లు ఇమారో ఎక్కడా దొరకలేదు.

2006లో నైట్ షేడ్ అనే చిన్న సంస్థ మళ్లీ వేసింది. అప్పుడు సాండర్స్ ఒక కథను తీసేసి దాని చోట కొత్త కథ పెట్టాడు. పాత కథలోని ఊచకోత 1994 నాటి రువాండా మారణకాండను గుర్తు చేస్తోందని, దాన్ని వినోదంగా చదివించడం తనకు ఇష్టంలేక ఆ పని చేశాడు. ఇది గమనించండి. కథ మార్చే హక్కు ఎవరికుందో ఇక్కడ తెలుస్తుంది. రాసినవాడు బతికి ఉండి, తన చేత్తో మార్చాడు. ప్రచురణకర్త కత్తెర పట్టడం వేరు, ఇది వేరు. 2020లో సాండర్స్ చనిపోతే చాలామంది మిత్రులకు నెలల తర్వాత తెలిసింది. సమాధి మీద పేరు కూడా లేదు. అభిమానులు చందాలు వేసుకుని రాయి నిలబెట్టారు.

పేరు లేని సమాధి, పేరు వేయని సీరియల్. ఇవి తలుచుకున్నప్పుడల్లా నాకు మా డోలీలు గుర్తొస్తారు.

డోలీలంటే మా కోయల కథకులు. వాళ్ల దగ్గర పడిగె ఉంటుంది. గుడ్డ మీద మా గట్ల, గోత్రాల పుట్టుక, దేవతల కథలు, యుద్ధాలు బొమ్మలుగా ఉంటాయి. డోలు, కంచుతాళం మీద ఆ కథ పాడతారు. ఒక్క రాత్రితో అయిపోయేది కాదు. సీరియల్ అనే మాట మాకు తెలియక ముందే మాకు సీరియల్ ఉంది. సమ్మక్క కథనే తీసుకోండి. అడవిలో పులుల మధ్య ఆడుకుంటూ దొరికిన పసిబిడ్డ. పెరిగి, పగిడిద్దరాజును పెళ్లాడి, కరువులో కప్పం కట్టమన్న కాకతీయ సైన్యానికి ఎదురు నిలిచింది. కొడుకు జంపన్న వాగులో పడి ప్రాణం విడిచాడు, ఆ సంపెంగవాగు జంపన్నవాగైంది. సమ్మక్క గాయాలతో చిలకలగుట్ట వైపు నడిచి మాయమైంది. వెతికినవాళ్లకు కుంకుమ భరిణె దొరికింది. ఇంతకంటే సాహసకథ ఏ పల్ప్ పత్రికలో ఉంది? ఇందులో ఈటె పట్టుకున్నవాళ్లే వీరులు. అడవిలోకి చెప్పకుండా వచ్చింది అవతలివాళ్లు. రెండేళ్లకోసారి మేడారంలో లక్షల జనం మొక్కేది ఈ కథకే.

ఈ కథను ఒంటినిండా మోసిన మనిషి సకిని రామచంద్రయ్య. మణుగూరు మండలం కూనవరం. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయారు. జయధీర్ తిరుమలరావు లాంటి పరిశోధకులు పూనుకుని పడిగెలు, డోలీల కథలు సేకరించబట్టి కొంత మిగిలింది. సేకరించని కథలు పాడేవాళ్లతోనే వెళ్లిపోతున్నాయి. గుజ్జు కాగితం పొడి కావడానికి యాభై, అరవై ఏళ్లు పడుతుంది. ముసలి గొంతు ఆగిపోవడానికి ఒక జ్వరం చాలు.

ఇంకో సంగతి. జ్వాలాద్వీపం ఏ పటంలోనూ లేదు, కాబట్టి దానికి ముంపు లేదు. మా కథల్లోని వాగులు, గుట్టలు, రేవులు నిజమైనవి. పోలవరం ముంపులో కోయ, కొండరెడ్ల ఊళ్లు ఖాళీ అయ్యాయి, ఇంకా అవుతున్నాయి. కాలనీలో పుట్టిన పిల్లకు ఆ గుట్ట మీద ఫలానా వేల్పు నిలిచింది అని చెబితే, ఏ గుట్ట అని అడుగుతుంది. చూపించడానికి గుట్ట ఉండదు. అప్పుడు పుస్తకమే దిక్కు.

అందుకని పాత సాహసకథలకు ప్రాణం పోస్తున్న చిన్న సంస్థలను నేను మనస్ఫూర్తిగా అడుగుతున్నాను. మీకు ఓపిక ఉంది. పోయిన సంచికను పదేళ్లు వెతికే ప్రేమ ఉంది. ఐదు వందల ప్రతులతో నష్టపోకుండా బతికే లెక్క తెలుసు. ఆ ఓపికలో ఒక పాలు మా కథలకు ఇవ్వండి. మీ చందమామ సీరియల్ పక్కనే, అదే సైజులో, అలాంటి రంగుల అట్టతో, పడిగె కథ ఒకటి పెట్టండి. దయతలచి పరిశోధన గ్రంథంగా వేయొద్దు. కింద పేజీనిండా వివరణలతో లావుగా వస్తే మా పిల్లలు ముట్టుకోరు. పిల్లవాడు అన్నం తింటూ చదివే పుస్తకంగా వేయండి. బొమ్మలు పడిగె గీసేవాళ్లతో వేయించండి. తెలుగుతో పాటు కోయ పాఠం కూడా పక్కన వేయండి, తెలుగు లిపిలోనే సరే. గోండులకైతే సొంత లిపే ఉంది. ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన పాత రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. అచ్చు వేయడానికి అక్షరాలు లేవనే మాట ఇక చెల్లదు.

ఇది జరగని పని కాదు. పల్ప్ కథలతో మొదలుపెట్టిన ఆ చెన్నై సంస్థే ఈమధ్య కులవ్యతిరేక సైన్స్ ఫిక్షన్ సంకలనం తెచ్చింది. పాతవాటిని ప్రేమించినవాళ్లకు కొత్తవాళ్ల గొంతు కూడా వినపడుతుందని దానివల్ల తెలిసింది.

మన రచయితలకూ ఒక మాట. మనం ఎక్కువగా దుఃఖం రాస్తున్నాం. రాయాలి, అది మన బతుకు. కానీ మన పిల్లలకు దుఃఖం ఒక్కటే ఇస్తే సాహసం కోసం వాళ్లు మళ్లీ టార్జాన్ దగ్గరికే పోతారు. డోలీ తాతలకు భయపెట్టడం తెలుసు, నవ్వించడం తెలుసు, రేపు రాత్రి మళ్లీ రావాలనిపించేలా కథ ఆపడం తెలుసు. ఆ విద్య వాళ్ల దగ్గర నేర్చుకుందాం. మాయ ఉండాలి, పులి మాట్లాడాలి, వాగు దారివ్వాలి. వీరుడికి, వీరురాలికి మన ఇంటిపేరు ఉండాలి.

నేను గత రెండు ఎండాకాలాలుగా మా పక్క ఊరి డోలీ తాత దగ్గర కూర్చుని ఒక కథ రాసుకుంటున్నాను. ఫోన్‌లో రికార్డు చేసి, రాత్రి కోయలో రాసి, పొద్దున తెలుగు చేస్తాను. తాతకు చదివి వినిపిస్తే తప్పులు దిద్దుతాడు. కొన్నిచోట్ల "ఇది రాయొద్దు, ఇది వేల్పు ముందే పాడాలి" అంటాడు. అక్కడ ఆపేస్తాను. ఏది అచ్చు వేయాలో, ఏది గుడ్డలో చుట్టి ఉంచాలో చెప్పే హక్కు ఆయనది. ఇప్పటికి సగం అయింది. ఏ సంస్థ వేస్తుందో ఇంకా తేలలేదు గానీ, మొదటి పేజీ మాత్రం రాసి పెట్టుకున్నాను. అందులో కథ పేరు కంటే పైన, పెద్ద అక్షరాల్లో, చెప్పిన తాత పేరు ఉంది. ఆ కింద ఆయన ఊరు, ఆయన గట్టు, ఆయన గురువు పేరు ఉన్నాయి. రాసుకున్నవాడిగా నా పేరు చివరి పేజీలో చిన్నగా ఉంటే చాలు.